కొట్టే పిల్లల్లో దాగిన దిగులు: ఎలా గుర్తించాలి, ఏం చేయాలి?

తొమ్మిదేళ్ల పిల్లాడు. ముందు బెంచీలో కూర్చున్నవాడు వెనక్కి జరిగితే వాడి సంచి వీడి మోచేతికి తగిలింది. అంతే, లేచి వాడి వీపు మీద ఒక్క గుద్దు గుద్దాడు. టీచర్ గట్టిగా పేరు పెట్టి పిలిచింది. బోర్డు తుడవబోతున్నదల్లా తిరిగింది కాబట్టి ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ చెయ్యి చూసి పిల్లాడు రెండు భుజాలూ చెవుల దాకా లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

గుద్దు క్లాసంతా చూసింది. భుజాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇలాంటి పిల్లాడో పిల్లో మీ ఇంట్లోనో, మీ క్లాసులోనో, మీ బంధువుల్లోనో ఉంటే ఏం చేయాలో వరసగా చెప్పడానికి ప్రయత్నిస్తాను. హింసకు గురైన పిల్లల్లో దిగులూ దూకుడూ చాలాసార్లు కలిసే ఉంటాయి. దూకుడు మనకు అడ్డం వస్తుంది కాబట్టి దానికి శిక్ష పడుతుంది. దిగులు ఎవరికీ అడ్డం రాదు, అందుకే అది అలాగే ఉండిపోతుంది. శిక్ష పడ్డకొద్దీ దిగులు పెరుగుతుంది, దిగులుతో చిరాకు, చిరాకుతో మళ్లీ గొడవ. పిల్లలు ఈ సుడిలోంచి తమంతట తాము బయటపడలేరు. ముందు అడుగు పెద్దవాళ్లే వెనక్కి వేయాలి.

హింస అంటే దెబ్బలేనా?

కొట్టడం, వాతలు పెట్టడం, గదిలో పెట్టి గడియ వేయడం, లైంగికంగా వేధించడం... ఇవి హింస అని ఎవరైనా ఒప్పుకుంటారు. లెక్కలోకి రానివి రెండున్నాయి. ఒకటి మాటలతో పెట్టే హింస. "నువ్వు పుట్టకపోయినా బాగుండేది" అనడం, పదిమందిలో నవ్వులపాలు చేయడం, రోజుల తరబడి పిల్లతో మాట్లాడకుండా ఉండటం. రెండోది అసలు పట్టించుకోకపోవడం: తిన్నాడా, పడుకున్నాడా, జ్వరమొచ్చిందా అని అడిగే మనిషే లేకపోవడం. ఇంట్లో పెద్దవాళ్లు కొట్టుకుంటుంటే చూస్తూ పెరిగిన పిల్లల్ని కూడా ఇందులోనే లెక్కేయాలి.

2012లో రోసానా నార్మన్ బృందం 124 అధ్యయనాలను కలిపి చూసింది. శారీరక హింస అనుభవించినవాళ్లలో డిప్రెషన్ వచ్చే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువని, నిర్లక్ష్యానికి గురైనవాళ్లలో రెండు రెట్లని, మాటలతో మనసు విరిచిన చోట మూడు రెట్లని తేలింది. "నాలుగు మాటలన్నానేమో గానీ చెయ్యి చేసుకోలేదు కదా" అనేవాళ్లు ఆ మూడు దగ్గర కాసేపు ఆగాలి.

దూకుడు సంగతికొస్తే, అమెరికాలో క్యాథీ విడమ్ 1989లో ఒక పెద్ద పరిశీలన ప్రచురించారు. చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మందిని, అలాంటి చరిత్ర లేని 667 మందిని పోల్చి చూశారు. మైనర్లుగా ఉండగానే అరెస్టైనవాళ్లు మొదటి గుంపులో 26 శాతం, రెండో గుంపులో 17 శాతం. దెబ్బలు తినకుండా నిర్లక్ష్యానికి మాత్రమే గురైన పిల్లలు కూడా తర్వాత హింసకు దిగడం ఈ లెక్కల్లో కనిపించింది. తేడా ఉన్నమాట నిజం. మిగిలిన 74 శాతం మంది ఆ వయసులో అరెస్టు దాకా వెళ్లలేదన్నదీ అంతే నిజం. "వాడూ వాళ్ల నాన్నలాగే తయారవుతాడు" అని పిల్లాడి ముందే జోస్యం చెప్పేవాళ్లకు ఈ రెండో సంగతి గుర్తుచేయండి.

"పుట్టుకతోనే మొండివాడు, అందుకే దెబ్బలు పడుతున్నాయి" అనే వాదన ఒకటుంది. బ్రిటన్‌లో 1,116 కవల జంటల మీద జరిగిన పరిశీలనలో సారా జాఫీ, ఆమె సహచరులు దీన్నే పరీక్షించారు. మామూలు చిన్న దెబ్బల విషయంలో పిల్లల స్వభావానికి కొంత పాత్ర ఉంది. గాయమయ్యేలా కొట్టడానికి మాత్రం కారణాలు ప్రధానంగా పిల్లల జన్యువుల్లో లేవు, బయటే ఉన్నాయి. పైగా వంశపారంపర్యంగా వచ్చే స్వభావాన్ని పక్కన పెట్టి చూసినా, అలా దెబ్బలు తిన్న పిల్లల్లో తర్వాత దుందుడుకుతనం పెరిగింది.

1. హింస ఇంకా జరుగుతోందా? ముందు అది తేల్చుకోండి

తక్కిన పనులన్నీ దీని తర్వాతే. ఇంట్లో రోజూ దెబ్బలు పడుతున్న పిల్లకి వారానికోసారి కౌన్సెలింగ్ ఇప్పించడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఈ లక్షణాలు కనిపిస్తే అనుమానించండి: బట్టల కింద దాగే చోట్ల, అంటే వీపు, తొడలు, పిరుదుల మీద కమిలిన గుర్తులు, చెవులు, మెడ మీద గాయాలు, బెల్టులాంటి వస్తువు ఆకారంలో వాతలు, ఒకే గాయానికి పూటకో కథ చెప్పడం. ఆడుకునే పిల్లలకి మోకాళ్ల మీద, మోచేతుల మీద దెబ్బలు ఎప్పుడూ ఉంటాయి, వాటికి కంగారు పడనక్కర్లేదు. ఇంకా నడవడమే రాని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన గుర్తు కనిపిస్తే మాత్రం డాక్టర్ దగ్గరికి అప్పటికప్పుడే తీసుకెళ్లాలి.

గాయం, లైంగిక హింస, ప్రాణభయం... వీటిలో ఏది ఉన్నా "ఇంకో వారం చూద్దాం" అనుకోవద్దు. మీరున్న చోట పిల్లల రక్షణ కోసం ఉన్న హెల్ప్‌లైన్‌కో పోలీసులకో అదే రోజు చెప్పండి. పిల్లల్ని అన్ని రకాల హింస నుంచి కాపాడే బాధ్యతను 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 19వ అధికరణం ప్రభుత్వాల మీదే పెట్టింది. చాలా దేశాల్లో టీచర్లు, డాక్టర్లు ఇలాంటి సంగతి తెలిశాక చెప్పకపోవడమే నేరం. రుజువులు సేకరించడం మీ పని కాదు. అనుమానానికి తగిన కారణం ఉంటే చాలు, తేల్చేవాళ్లు వేరే ఉంటారు.

హింస చేస్తున్నారని మీరు అనుమానించే మనిషిని వెళ్లి నిలదీయకండి. ఆ రాత్రి దాని ఫలితం పిల్లాడి వీపు మీద పడుతుంది.

ఇక, కొడుతున్నది మీరే అయితే? ఇది చదువుతున్నారంటే లోపల ఎక్కడో తొలుస్తూనే ఉందన్నమాట. ఈ రోజు నుంచి ఒకటే నియమం పెట్టుకోండి: కోపం వచ్చినప్పుడు చేతులు వెనక్కి, కాళ్లు గది బయటికి. పిల్ల సురక్షితంగా ఉందో లేదో చూసుకుని పక్క గదిలోకి వెళ్లిపోండి. నిలవలేకపోతున్నారంటే అది చేతకానితనం అనుకోకుండా డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో "నేను నా బిడ్డని కొడుతున్నాను, ఆపుకోలేకపోతున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

"దండం దశగుణం భవేత్" అని మనకో మాట ఉంది. ఆ పది గుణాల్లో ఒక్కటి కూడా పరిశోధకులకు దొరకలేదు. 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 75 అధ్యయనాల్లోని లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల వివరాలు కలిపి చూశారు. గాయం కాని మామూలు దెబ్బలు తిన్న పిల్లల్లో సైతం దూకుడు, దిగులు ఎక్కువగానే కనిపించాయి. బుద్ధిగా మారినట్టు మాత్రం ఎక్కడా కనిపించలేదు. పిల్లల్ని ఇంట్లో కొట్టడం కూడా తప్పేనని చట్టం చేసిన మొదటి దేశం స్వీడన్, 1979లో.

2. అల్లరి వెనక దిగులు ఉందేమో వెతకండి

డిప్రెషన్ అనగానే మూల కూర్చుని ఏడుస్తున్న మనిషి గుర్తొస్తాడు. పిల్లల్లో అది చాలాసార్లు చిరాకు రూపంలో వస్తుంది. మానసిక వైద్యులు వాడే ప్రమాణాల్లోనే, పిల్లలకైతే విచారానికి బదులు చిరాకు ఉన్నా లెక్కలోకి తీసుకోవచ్చని ఉంది. అందుకే చీటికీ మాటికీ కస్సుమనే పిల్లల్ని చూసినప్పుడు పొగరు అని ముద్ర వేసే ముందు మిగతా గుర్తులు చూడండి.

నిద్ర ఎలా ఉంది? పడుకోడానికి భయపడుతున్నాడా, అర్ధరాత్రి లేస్తున్నాడా, పొద్దస్తమానం పడుకునే ఉంటున్నాడా? ఇదివరకు ఇష్టంగా ఆడే ఆట మానేశాడా? పరీక్షల్లో ఏ కారణం లేకుండా మార్కులు తగ్గాయా? కడుపునొప్పి, తలనొప్పి అంటూ ఉంటే డాక్టర్ చూసి ఏమీ లేదన్నారా? "నేను చెడ్డవాణ్ణి", "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు వస్తున్నాయా? చిన్న పిల్లలైతే మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైందా? ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలకు మించి ఉంటే మానసిక ఆరోగ్య నిపుణులకు చూపించాల్సిందే.

ఈ దశలోనే మనం తరచూ మరిచిపోయే పిల్లలు ఇంకొందరున్నారు. కొట్టరు, తిట్టరు, చెప్పిన పనల్లా చేస్తారు, "బంగారం లాంటి పిల్ల" అనిపించుకుంటారు. ఒక కంట పెద్దవాళ్ల మొహాలు చదువుతూ, ఎవరికి ఎప్పుడు కోపం వస్తుందో ముందే కనిపెట్టి సర్దుకుంటూ ఉంటారు. గొడవ చేసే అన్నకి కౌన్సెలింగ్ దొరుకుతుంది. నిశ్శబ్దంగా ఉన్న చెల్లెలికి మెచ్చుకోలు దొరుకుతుంది, అంతకు మించి ఏమీ దొరకదు. ఒక ఇంట్లో ఒక పిల్లాడు తిరగబడుతున్నాడంటే రెండో పిల్లని కూడా కూర్చోబెట్టి పలకరించండి.

ఒక హెచ్చరిక కూడా. కొట్టే పిల్లలందరి వెనకా హింస ఉండదు. సరిగా వినపడకపోవడం, చదవడంలో ఇబ్బంది, ఏకాగ్రత లోపం, నిద్ర చాలకపోవడం, ఇంట్లో ఎవరో చనిపోవడం, తోటి పిల్లలు ఏడిపించడం... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పిల్లాడు ఒకణ్ణి గుద్దాడని తల్లిదండ్రుల్ని దోషులుగా చూడటం కూడా అన్యాయమే.

3. రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి

మన జ్ఞాపకం కోపం వైపే మొగ్గుతుంది. "రోజూ కొడుతున్నాడు" అంటాం, రాసి చూస్తే వారానికి మూడుసార్లే ఉంటుంది. అందుకే రాయాలి. గొడవకు ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత పెద్దవాళ్లు ఏం చేశారు, ఇంతే. ఇలా:

"సోమవారం, మొదటి పీరియడ్. ముందువాడి సంచి తగిలింది. లేచి గుద్దాడు. బయట నిలబెట్టాను.
బుధవారం, ఆటల సమయం. పక్కవాళ్లు నవ్వుకుంటున్నారు, వీణ్ణి చూసి కాదు. వీడు రాయి విసిరాడు. హెడ్మాస్టర్ గదికి పంపారు.
సోమవారం, మొదటి పీరియడ్. బెంచీ ఎవరో కదిపారు. తోసేశాడు. రాత్రి నిద్రపోలేదన్నాడు."

మూడు ఎంట్రీలకే రెండు సంగతులు తేలాయి. రెండు గొడవలు సోమవారం పొద్దుటే జరిగాయి, అంటే శని, ఆదివారాలు ఇంట్లో గడిచాక. మూడింట్లోనూ ఎవరూ కావాలని చేసింది ఏమీ లేదు, వీడికి మాత్రం కావాలనే చేసినట్టు అనిపించింది.

ఈ రెండోదాన్ని కెన్నెత్ డాడ్జ్ బృందం 1990లోనే చూపించింది. ఇంట్లో దెబ్బలు తిన్న చిన్న పిల్లలు, తోటివాళ్లు పొరపాటున చేసినదాన్ని కూడా కక్షతో చేసిందనే అర్థం చేసుకునేవాళ్లు. బడిలో ఎక్కువగా కొట్టింది కూడా వాళ్లే. 2002లో సెథ్ పొలాక్, పవన్ సిన్హా మరో ప్రయోగం చేశారు. మసగ్గా ఉన్న మొహం బొమ్మని కొంచెం కొంచెంగా స్పష్టం చేస్తూ పోయి, అందులో ఏ భావం ఉందో చెప్పమని పిల్లల్ని అడిగారు. దెబ్బలు తిన్న పిల్లలు కోపాన్ని మిగతావాళ్లకంటే ముందే, బొమ్మ ఇంకా సగం మసగ్గా ఉండగానే పట్టేశారు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. నాన్న తలుపు తీసే చప్పుడుని బట్టి ఇవాళ దెబ్బలున్నాయో లేదో తెలుసుకోవాల్సిన ఇంట్లో అది బతికించే నేర్పు. అదే నేర్పుతో బడికొస్తే, తగిలిన సంచి కూడా దాడిలాగే కనిపిస్తుంది. కొట్టే పెద్దమనిషిని తిరిగి ఏమీ చేయలేడు కాబట్టి ఆ కోపం చిన్నవాళ్ల మీదకో తన మీదకో మళ్లుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. కన్నవాళ్లు చెడ్డవాళ్లు అనుకోవడం పిల్లలకు భరించలేని సంగతి, నేనే చెడ్డవాణ్ణి అనుకోవడం దానికంటే తేలిక. దిగులు అక్కడే పాతుకుంటుంది.

4. మాట కలపండి, కూపీ లాగకండి

ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే ఏ పిల్లయినా బిగుసుకుపోతుంది. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, బొమ్మలు వేస్తున్నప్పుడు, పుస్తకాలు సర్దుతున్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది.

"మీ నాన్న నిన్ను కొడతాడు కదూ?" అని అడగవద్దు. జవాబు మీరే అందించినట్టవుతుంది. రేపు విచారణ జరిగితే ఆ మాటకు విలువ కూడా పోతుంది. "సోమవారం పొద్దున నీకు భలే చిరాగ్గా ఉంటోంది నాన్నా. నిన్నటి సంగతి చెప్పు" అని వదిలేయండి. ఏమీ చెప్పకపోతే "సరే, ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే నేనిక్కడే ఉంటా" అనండి. ఉండండి కూడా.

ఒక రోజు చెప్పవచ్చు. ముందు షరతు పెడతారు: "ఎవరికీ చెప్పనని ఒట్టేస్తే చెబుతా."

ఆ ఒట్టు మాత్రం వేయకండి. ఇలా అనవచ్చు: "అలా ఒట్టెయ్యలేనమ్మా. నీకు దెబ్బ తగిలే సంగతైతే దాన్ని ఆపగలిగిన వాళ్లకి చెప్పాలి. ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను." వెనక్కి తగ్గుతారేమోనని భయం వేస్తుంది. కొందరు తగ్గుతారు కూడా. కానీ ఒట్టు వేసి తప్పితే, ఆ పిల్ల ఇంకే పెద్దమనిషినీ ఎప్పటికీ నమ్మకపోవచ్చు.

చెబుతున్నప్పుడు మీ మొహంలో ఏ భావం కదిలినా వాళ్లు చూస్తూనే ఉంటారు. "అయ్యో, వాణ్ణి చంపేస్తాను!" అంటే పిల్ల అక్కడితో ఆపేస్తుంది, ఎంతైనా ఆ "వాడు" తను ప్రేమించే మనిషి కావచ్చు. మామూలు గొంతుతో మూడు మాటలు చాలు: "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. నీ తప్పేం లేదు. చెప్పి మంచి పని చేశావు." తర్వాత పక్కకి వెళ్లి, పిల్ల వాడిన మాటల్ని వాడినట్టే, తేదీ, సమయం వేసి రాసిపెట్టండి. మళ్లీ మళ్లీ చెప్పించుకోవద్దు, సంబంధం లేనివాళ్ల దగ్గర నోరు విప్పవద్దు.

5. గొడవ జరుగుతున్న నిమిషంలో

చెయ్యి లేచిన పిల్లకి నీతులు చెవికెక్కవు. ముందు అవతలి పిల్లని పక్కకి తప్పించండి. మీ గొంతు తగ్గించండి, కుదిరితే కిందికి వంగండి, ఒక చెయ్యి దూరంలో ఉండండి. వెనక నుంచి పట్టుకోవడం, మూలకి నెట్టడం, చెయ్యి ఎత్తడం... ఇవన్నీ ఆ ఒంటికి బాగా తెలిసిన పాత సంగతులు, మంట ఇంకా పెరుగుతుంది. "కొట్టనివ్వను. నిన్నూ ఎవరూ కొట్టరు." ఇంతకంటే పొడుగు వాక్యం అక్కర్లేదు.

అరగంట పోయాక, ఊపిరి కుదుటపడ్డాక అప్పుడు మాట్లాడండి. సంచి ఎలా తగిలిందో ఇద్దరూ కలిసి మళ్లీ చేసి చూడవచ్చు: "వాడు నిన్ను చూశాడా? వెనక్కి చూడకుండా జరిగితే ఏమవుతుంది?" పొరపాటుకీ కక్షకీ తేడా చూడటం పిల్లలకు నేర్పవచ్చు, కానీ ఒకటి రెండు సార్లతో రాదు, పదుల సార్లు పడుతుంది. ఇక దెబ్బ తిన్న పిల్లకి ఏదో ఒక రకంగా సరిచేయాలి. బలవంతపు సారీ వల్ల ఒరిగేదేం లేదు. చిరిగిన పుస్తకం అతికించి ఇవ్వడం, పడిపోయినవి ఏరి పెట్టడం మేలు. జాలిపడి తప్పుని తప్పు కాదనడం కూడా ఈ పిల్లలకి మేలు చేయదు. కొట్టడం తప్పే, దానికి ఫలితం ఉంటుంది. ఆ ఫలితం చిన్నదిగా, ముందే చెప్పినదిగా, ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

ఒక ఉచ్చు గురించి జాగ్రత్త. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ పాటర్సన్ కుటుంబాలను ఇళ్లలోనే ఏళ్ల తరబడి గమనించి దాన్ని వివరించారు. తల్లి పని చెబుతుంది, పిల్ల అరుస్తుంది, తల్లి గొంతు పెంచుతుంది, పిల్ల ఇంకా పెంచుతుంది, విసిగిపోయి తల్లి వదిలేస్తుంది. అరిస్తే పని తప్పుతుందని పిల్ల నేర్చుకుంది. ఇంకో రోజు తల్లి చెయ్యి చేసుకుంటుంది, పిల్ల ఠక్కున ఆగుతుంది. కొడితే వింటుందని తల్లి నేర్చుకుంది. రోజులు గడిచేకొద్దీ ఇద్దరూ ఒక్కో మెట్టు పైకెక్కుతారు. దీన్ని తెంచాలంటే తక్కువ పనులు చెప్పండి, చెప్పినవి నెమ్మదిగా చెప్పండి, చెప్పాక మాత్రం వదలకండి.

6. రోజుకి ఐదు నిమిషాలు

షీలా ఐబర్గ్ 1970ల్లో రూపొందించిన, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి చేసే చికిత్సలో ఇంటి పని ఒకటుంది: రోజూ ఐదు నిమిషాలు పిల్ల చెప్పినట్టు ఆడటం. ప్రశ్నలు వద్దు, ఆజ్ఞలు వద్దు, తప్పులు పట్టడం వద్దు. పిల్ల చేస్తున్నది పైకి చెప్పండి ("ఓహో, ఎర్రది పైన పెడుతున్నావు"), బాగున్నదాన్ని మెచ్చుకోండి. వినడానికి నవ్వొచ్చేంత చిన్న పని. చేసి చూస్తే మొదటి నిమిషంలోనే "అలా కాదు, ఇలా పెట్టు" అని నోటి దాకా వస్తుంది. ఆ రోజు పిల్ల గొడవ చేసిందని ఈ ఐదు నిమిషాలు రద్దు చేయకూడదు. అసలు దాని బలమంతా అక్కడే ఉంది.

దానితోపాటు రోజు ఎలా గడుస్తుందో పిల్లకి ముందే తెలిసేలా చేయండి. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తినాలి, ఎవరు తీసుకెళ్తారు, ఎవరు తీసుకొస్తారు. మార్పు ఉంటే ముందుగా చెప్పండి. ఎప్పుడేం మీద పడుతుందో తెలియకుండా పెరిగిన పిల్లకి బోరు కొట్టే రోజే హాయి.

7. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

మొదట పిల్లల డాక్టర్‌కి చూపించి వినికిడి, నిద్ర, ఇతర జబ్బుల సంగతి తేల్చుకోండి. తర్వాత పిల్లలతో పనిచేసే సైకాలజిస్టో సైకియాట్రిస్టో. మీ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి, అరగంట మాటలకంటే అది ఎక్కువ చెబుతుంది. "ఈ పిల్ల హింస అనుభవించింది, అలాంటి పిల్లలతో మీరు పనిచేశారా?" అని నేరుగా అడగండి.

ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే పద్ధతి) అని ఒక చికిత్స ఉంది. జుడిత్ కోహెన్, ఆంథొనీ మనరీనో, ఎస్తర్ డెబ్లింగర్ రూపొందించారు. 3 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం, మామూలుగా 12 నుంచి 16 సెషన్లు. హింస చేయని తల్లో, తండ్రో, పెంచుతున్న మరొకరో కూడా ఇందులో పాల్గొంటారు. పిల్లని లోపల వదిలేసి బయట ఫోన్ చూసుకుంటూ కూర్చునే చికిత్స కాదిది. మందుల అవసరాన్ని సైకియాట్రిస్ట్ తేలుస్తారు. డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు పిల్లల్ని దగ్గరుండి గమనించాలి, కొందరిలో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది. అలాగని డాక్టర్‌ని అడగకుండా మధ్యలో ఆపేయకూడదు.

పిల్ల చావు మాట ఎత్తితే "ఛ, అలా అనకూడదు" అని నోరు మూయించకండి. "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే పిల్లని ఒంటరిగా వదలకండి, మందులు, పురుగుమందులు, కత్తుల్లాంటివి అందకుండా తీసేయండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

8. మెరుగు ఎలా తెలుస్తుంది?

ముందుగా, మొదట్లో కాస్త ముదరవచ్చు. కొట్టరని నమ్మకం లేని పిల్ల మిమ్మల్ని పరీక్షిస్తుంది: ఎంత దూరం పోతే ఈవిడ చెయ్యి లేస్తుంది? ఆ పరీక్ష వారాలు నడుస్తుంది. ఆ రోజుల్లో మీకు నిద్ర, ఒక గంట విరామం, మనసు విప్పి మాట్లాడుకునే ఒక మనిషి కావాలి. మీ చిన్నతనంలో మీరూ దెబ్బలు తిని ఉంటే ఈ పని మీకు రెండింతలు కష్టం. పిల్ల అరుపు విన్నప్పుడల్లా మీలోని పాత భయం కూడా లేస్తుంది. మీకూ కౌన్సెలర్ అవసరం ఉండవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు లాంటివి చుట్టుముట్టిన పిల్లల్లో మూడో వంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్ల కథల్లో పదే పదే కనిపించినది ఒకటుంది: ఇంట్లోనో బయటో, కనీసం ఒక్క నమ్మకమైన పెద్దమనిషి. అమ్మమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు.

నోట్‌బుక్ మూసేయకండి. వారానికి ఎన్ని గొడవలు, ఒక్కోటి ఎంతసేపు, కుదుటపడటానికి ఎన్ని నిమిషాలు అని నెలకోసారి లెక్కేయండి. నిద్ర గురించి, మానేసిన ఆట గురించి కూడా రాయండి. గొడవలు తగ్గి పిల్ల బొత్తిగా మూగబోతే అది నయం కావడం కాదు, డాక్టర్‌కి వెంటనే చెప్పాల్సిన సంగతి. ఏ మూడు నెలలకో ఆ పుస్తకంలో ఇలాంటి పేజీ ఒకటి రావచ్చు:

"సోమవారం, మొదటి పీరియడ్. సంచి తగిలింది. వెనక్కి తిరిగాడు. పిడికిలి బిగిసింది. 'చూసుకో రా' అన్నాడు. కూర్చున్నాడు."

అదే వారంలో గురువారం మళ్లీ ఎవరినో తోసి ఉంటాడు. అది కూడా రాయండి.